సగం సెట్టు

సబ్బు కావాలంటే అరిగిన ముక్క చూపించాలి. ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా అదే చట్టం. ముక్క ఎంత పలచబడాలంటే, వెలుతురుకు పట్టుకుంటే అవతలి వేలు కనబడాలి. అంతకంటే మందంగా ఉంటే ఇంటి స్టోర్‌కీపరు, అంటే ఇంటాయన, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకా మూడు రోజులొస్తుందని తిరిగి చేతిలో పెట్టేవాడు. పేస్టు కావాలంటే ట్యూబును కత్తెరతో నిలువునా కోసి, లోపల గీకి, అప్పుడు తీసుకెళ్ళి చూపించాలి. బల్బు కావాలంటే మాడిపోయిన బల్బును చెవి దగ్గర ఆడించి వినిపించాలి. భార్యయినా, కూతురైనా, కన్నతల్లయినా ఒకటే రూలు.

ఇది ఆయన పనిచేసే వర్క్‌షాపు పద్ధతి. అక్కడ టూల్ రూమ్ కిటికీ వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుని, అరిగిన డ్రిల్లు బిట్టు తెచ్చినవాడికి కొత్త బిట్టు ఇస్తాడు. ఎవడు ఏం తీసుకున్నా తన ఇత్తడి టోకెను కొక్కేనికి తగిలించి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళాలి. పది స్పానర్ల సెట్టు పట్టుకెళ్ళినవాడు తొమ్మిది తెచ్చి టోకెను అడిగితే, ఆ తొమ్మిదింటినీ వాడి వైపే నెట్టేస్తాడు. సగం సెట్టు తీసుకోను, మొత్తం తెచ్చి టోకెను పట్టుకుపో అంటాడు. వర్క్‌షాపులో అందరూ ఆయన్ని సంతకం సారు అని పిలుస్తారు. అందులో గౌరవమే ఉందని ఆయన నమ్మకం.

సోమవారం పొద్దున ఆయన భార్య సబ్బు ముక్కతో బీరువా దగ్గర నిలబడింది. పై అరల్లో సబ్బులు, పేస్టులు, అగ్గిపెట్టెలు లేబుళ్ళు ముందుకు తిరిగి వరసగా ఉన్నాయి. కింది అరలో తాళం వేసిన ఆకుపచ్చ ఇనప పెట్టె ఉంది. అందులో ఆయన పనిముట్లుంటాయని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఆయన ముక్కను పరీక్షించి, కొత్త సబ్బు తీసి, నోటుపుస్తకం ఆమె ముందుకు జరిపాడు. ఆమె తన పేరు పక్కన సంతకం పెట్టింది. పెళ్ళినాడు కూడా ఇన్ని సంతకాలు పెట్టలేదు.

"అమ్మాయి రెండో ఏడాది ఫీజు శనివారంలోపు కట్టాలన్నావుగా?" అన్నాడు బీరువా మూస్తూ.

ఆర్నెల్లకు తొమ్మిది వేలని ఆమె చెప్పింది.

"కట్టడం లేదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆయన సంచీ సర్దుకుంటూ, బస్సు వేళలు చెప్పినంత మామూలుగా మిగతాది చెప్పాడు. ప్యాకింగు సెక్షన్లో ఒక ఖాళీ ఉందట. సూపర్‌వైజరుతో మాట్లాడాడట. ఒకటో తారీఖు నుంచి అమ్మాయి వెళ్తుందట. నెలకు ఆరు వేలు. ఫీజు మిగులుతుంది, జీతం వస్తుంది, క్రెడిట్ కార్డు అప్పు మొత్తం ఒక్క దెబ్బతో తీరిపోతుంది. ల్యాబు కోర్సేగా, ఏడాది పోయాక నేర్చుకుంటే కొంపలేం మునగవు.

"ఏడాది ఆగితే ఆ సీటు ఉండదండీ. మళ్ళీ మొదట్నుంచి చేరాలి."

"కార్డు ఎవరి పేరు మీదుంది?" అన్నాడాయన.

కార్డు ఆమె పేరు మీదే ఉంది. ఆమె పనిచేసే లాండ్రీ వాళ్ళు జీతం చీటీ ఇస్తారు, వర్క్‌షాపు వాళ్ళు ఇవ్వరు. అందుకని బ్యాంకు కార్డులు ఆమెకు ఇచ్చింది. రెండు చిన్న కార్డులు ఆమె గొలుసుతో తీరాయి. పెద్దది మిగిలింది; దాన్ని ఎనిమిది నెలల కిందట ఆయన తీసేసుకున్నాడు, ఈ సబ్బు చట్టం అప్పటిదే. గీకిన చెయ్యి ఆమెదే, కాదనడానికి లేదు. ఆ చేత్తోనే అత్తగారి చెవి మిషను కొంది, ఆయన దవడ పళ్ళు కట్టించింది, ఫ్రిజ్జు కొంది, బండి ఇంజను బాగు చేయించింది, అమ్మాయికి ల్యాప్‌టాప్ తెచ్చింది. తనకోసం ఒక జత చెప్పులు. అందరూ విన్నారు, నమిలారు, తిరిగారు, చదువుకున్నారు. దుబారా మనిషి పేరు మాత్రం ఆమెకు మిగిలింది. ఈ అన్యాయం ఆ ఇంట్లో ఎవరి గొంతుకూ అడ్డం పడలేదు.

గొడవ మొదలయ్యే వాసన రాగానే అత్తగారు చెవి మిషను తీసి గుడ్డలో చుట్టిపెట్టింది. అడిగితే బ్యాటరీ ఆదా అంటుంది. కానీ మిషను లేకపోయినా తనకు కావలసినవి ఆవిడకు వినబడతాయి. పిండి కొద్దీ రొట్టె అని మా అమ్మ చెప్పేది, మీ అమ్మ నీకు చెప్పలేదు కాబోలు అని గోడతో అంది.

అమ్మాయి దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది. ఏడవలేదు.

"ల్యాప్‌టాప్ నాకోసమే కదా కొన్నారు. వెళ్తాలే నాన్నా."

ఆ మాటకు తండ్రి తల ఊపి సంచీ భుజాన వేసుకున్నాడు. తల్లికి మాత్రం పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టాల్సింది పిల్లను కాదని తెలుసు. మొగుణ్ణి కొట్టడం కుదరదు కనక సబ్బు ముక్కను మోరీలో విసిరికొట్టి పనికి పోయింది.

లాండ్రీలో ఆమె పని ఇస్త్రీ రోలరు ముందు. హోటళ్ళ నుంచి వచ్చిన దుప్పట్లు తడిగా ఒక పక్క నుంచి లోపలికి పోతాయి, కాలుతూ ఇంకో పక్క నుంచి బయటికొస్తాయి. వచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో కొసనా పట్టుకుని, ఒక్కసారి విదిలించి, అంచు అంచుకు కలిపి, రెండు మడతలు వేసి ఎదురుగా నడిచి రావాలి. పది కాగానే కట్ట కట్టి అట్ట చీటీ తగిలించాలి. రెండో కొస పట్టుకునే ఆవిణ్ణి రేడియో అంటారు, పొద్దున నోరు తెరిస్తే కరెంటు పోయినా ఆగదు కనక. ఆ రోజు రేడియో ఏం చెప్పిందో ఆమెకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. మూడు దుప్పట్లకు అంచులు కలవలేదు. మూడింటినీ మళ్ళీ విప్పి మడిచారు.

మంగళవారం టీ వేళ ఫోను మోగింది. బ్యాంకు అమ్మాయి. గొంతులో తేనె పోసుకుని మాట్లాడింది. మీరు ప్రతి నెలా తప్పకుండా మినిమం కడుతున్నారు కాబట్టి మీకు కొత్త లోను ఇవ్వడానికి సంతోషిస్తున్నామంది. మినిమం అంటే నెలకు తప్పక కట్టాల్సిన కనీసపు మొత్తం; ఆ మాట దగ్గర ఆమె ఆలోచన ఆగిపోయింది. మొత్తం ఎంతుందని అడిగింది.

"లక్షా పదివేల ఏడు వందలు మేడమ్. పోయిన నెల వడ్డీ మూడు వేల తొమ్మిది వందలు."

ఎనిమిది నెలల కిందట లక్షా ఇరవై వేలు. ఇద్దరి జీతాల్లోంచీ నెలకు పద్నాలుగు వేల చిల్లర అప్పు కిందకి పోతోంది. తన జీతం ఆమె ఆయన చేతికే ఇస్తోంది, ఆయనే కడుతున్నాడు. ఎంత వడ్డీ పోయినా సగానికి సగం తగ్గి ఉండాలి. తగ్గింది తొమ్మిది వేలు. ఆమె ఫోను పెట్టేసి చేతులు చూసుకుంది. సబ్బు అరగదీసి, టీ మానేసి, చిరిగిన జాకెట్టుకు మళ్ళీ మాసికేసి, కొండను తవ్వి పట్టిన ఎలుక ఇది.

మిగతా డబ్బేమైంది? పేకాటా? ఇంకో ఇల్లా? వర్క్‌షాపు గేటు పక్కన చీట్లు కట్టించుకునేవాళ్ళుంటారు, వాళ్ళలో ఎవడైనా ముంచాడా? ఆ సాయంత్రం దాకా ఆమె మొగుడి మీద మోపని నేరం లేదు. నిజానికి ఆ నేరాల్లో ఏదో ఒకటి రుజువైతే బాగుండునని కూడా అనుకుంది. ఒక్కసారైనా తలెత్తి చూసే వీలు దొరుకుతుంది.

ఆయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే అడిగేసింది. నెలనెలా ఇస్తున్న డబ్బు ఎక్కడ పెడుతున్నారు, బ్యాంకుకు మినిమమే ఎందుకు పోతోంది, చెప్పాలంది. గొంతు పెద్దదైంది. అత్తగారి చెయ్యి చెవి దగ్గరికి పోయి ఆగింది. ఈసారి మిషను తీయలేదు.

ఆయన చాలాసేపు ఆమెను చూశాడు. కోపం కంటే అసహ్యం ఎక్కువగా ఉంది ఆ చూపులో. బీరువా తెరిచి, కింది అరలోంచి ఆకుపచ్చ పెట్టెను రెండు చేతులా ఎత్తి నేల మీద పెట్టాడు. మొలతాడుకున్న తాళంచెవితో తెరిచాడు.

లోపల పనిముట్లు లేవు. ఎనిమిది నోట్ల కట్టలు, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు, ఒక్కోదాని మీద నెల పేరు రాసిన చీటీ. పక్కన కాగితంలో చుట్టిన కార్డు.

"డెబ్భై రెండు వేలు. లెక్కపెట్టుకో," అన్నాడు. "తాగాననుకున్నావా? మొత్తం లక్షా పది వేలూ జమ కాగానే ఒక్కసారి తీసుకెళ్ళి బ్యాంకువాడి మొహాన కొడతాను. ముక్కలు ముక్కలుగా కట్టడం నాకు చేతకాదు. సగం కడితే, ఆ సగం నువ్వు మళ్ళీ గీకుతావు."

అత్తగారు కొడుకు పక్కన నిలబడి, చూశావా నా పెంపకం అన్నట్టు కోడలి వైపు చూసింది. దొంగకు తాళంచెవి ఇవ్వకూడదని మా వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసంది. కట్టలన్నీ అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. ఒక్క రూపాయి తినలేదు మనిషి. తానేమో ఆయనకు ఇంకో సంసారం కూడా అంటగట్టింది. ఆ పూట సిగ్గుతో తల వంచుకుని వడ్డించింది. ఆయన ఆ వంచిన తలను తృప్తిగా చూసుకుంటూ తిన్నాడు.

బుధవారమంతా ఆ సిగ్గు వెంట తిరిగింది. గురువారం రోలరు దగ్గర, ఎవరితోనూ చెప్పకూడదనుకుంటూనే, రేడియోతో చెప్పేసింది. మా ఆయన ఎంత పొదుపరి అనుకున్నావు, మొత్తం పెట్టెలో దాచి ఒకేసారి కడతాడట అంది. చెప్పేటప్పుడు కాస్త గర్వం కూడా తగిలింది గొంతులో.

రేడియో చేతిలోని కొస వదిలేసింది. దుప్పటి నేలకు జారింది.

"పెట్టెలో పెడితే వడ్డీ ఆగుతుందా అక్కా?" అంది. "నేను నా కార్డుకి వంద దొరికితే వంద కట్టేదాన్ని. ఎంత కడితే అంత మీద వడ్డీ తెగిపోతుంది. నీ డబ్బు పెట్టెలో నిద్రపోతోంది, వాడి వడ్డీ మాత్రం రాత్రీ పగలూ మేస్తోంది."

ఇద్దరూ దుప్పటి తీసి, దులిపి, మళ్ళీ తడిబట్టల బుట్టలో వేశారు. మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరవలేదు. ఎనిమిది అట్ట చీటీలు తెచ్చుకుని, వెనక తెల్ల వైపు, నెలకొకటి చొప్పున లెక్క వేసింది. ఫోనులో నెల వడ్డీ నూటికి మూడున్నర చొప్పున కొట్టడం, రాయడం, తీసేయడం, రాయడం. మొదట రెండుసార్లు తప్పింది. మూడోసారి రేడియోను పక్కన కూర్చోబెట్టుకుని, నోరు తెరవనని ఒట్టు వేయించుకుని చేసింది. ఇప్పటికి బ్యాంకుకు పోయింది నలభై ఒక్క వేల ఏడు వందలు. అందులో ముప్ఫై రెండు వేల నాలుగు వందలు వడ్డీయే. పెట్టెలో దాచినది ఏ నెలకా నెల కట్టి ఉంటే, ఆ వడ్డీలో తొమ్మిది వేల రెండు వందలు మిగిలేవి.

తొమ్మిది వేల రెండు వందలు. అమ్మాయి ఆర్నెల్ల ఫీజు, పైన రెండు వందలు.

ఆమెకు అప్పుడు వచ్చిన కోపం ఏడుపులా రాలేదు. చాలా నెమ్మదిగా, చల్లగా వచ్చింది. ఆ మధ్యాహ్నం మడిచిన దుప్పట్లలో ఒక్క అంచు కూడా పక్కకు పోలేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, తిని, చెయ్యి తుడుచుకునేదాకా ఆగింది. ఆ రోజు జీతం రోజు. రోజూ ఉండే చోటే ఉంది నోటుపుస్తకం. ఆయన చెయ్యి చాచాడు, జీతం కోసం. ఆమె ఆ చేతిలో ఎనిమిది అట్ట చీటీలు పెట్టింది.

"ఏంటివి?"

"చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి చీటీ చదివి నవ్వాడు. రెండోది చదివి, లాండ్రీలో పనిలేనట్టుందే అన్నాడు. నాలుగో చీటీ దగ్గర పెన్సిలు అడిగాడు. అమ్మాయి తెచ్చి ఇచ్చి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఆయన నోటుపుస్తకం వెనక పేజీలో తన లెక్క తనే మొదలుపెట్టాడు. అంకెలు వేయడం ఆయనకు బాగా వచ్చు. ఒక్క బోల్టు తక్కువైనా కనిపెట్టే మనిషి. గీత కొట్టి కూడాడు, చెరిపి మళ్ళీ కూడాడు. మూడోసారి కూడుతున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడడం ఆమె చూసింది. జాలి కలగలేదు. కలిగితే బాగుండుననీ అనుకోలేదు. ఎనిమిది నెలలు వెలుతురుకు పట్టి చూసిన సబ్బు ముక్కలన్నింటికీ బదులు ఆ ఎర్రటి చెవులను తనివితీరా చూసింది.

"ఎవరు నేర్పారు ఇది?" అన్నాడు చివరికి.

"ఎవరు నేర్పితే ఏం? తప్పుంటే చెప్పండి."

ఆయన తల ఎత్తకుండానే, తాను తాగలేదని, పేకాడలేదని, ఎనిమిది నెలలుగా వర్క్‌షాపులో టీ కూడా ముట్టలేదని, అందరూ తాగుతుంటే నీళ్ళు తాగానని అన్నాడు. అది నిజం. ఆమెకు తెలుసు. అదే ఆమె ఒళ్ళు మండించింది. ఈ మనిషి దొంగయినా బాగుండేది, వెధవయినా బాగుండేది. నన్ను నమ్మలేక నా బిడ్డ చదువు పెట్టెలో పెట్టి కాల్చారు మీరు, అంది. గొంతు పెంచలేదు. అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమైందిరా అని అడిగింది. చెప్పాల్సినవాడు పెన్సిలు ముల్లు కేసి చూస్తున్నాడు.

"పెట్టె తియ్యండి," అంది ఆమె.

ఆయన కదల్లేదు. సగం కడితే మళ్ళీ, అని ఏదో అనబోయాడు. ఆమె కత్తెర తెచ్చి నేల మీద పెట్టింది. కార్డు ఇవ్వమంది. ఆయన లేచి, పెట్టె తెరిచి, కాగితంలోని కార్డు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని అడ్డంగా కోసింది, మళ్ళీ నిలువునా కోసింది. ముక్కలు ఆయన ముందే ఉంచింది.

"ఇంక గీకను. అది చాలు మీకు. నాకు కావలసింది ఇంకోటుంది." ఆమె చివరి అట్ట చీటీ తిప్పి చూపించింది. "రేపు పొద్దున్నే ఈ డెబ్భై రెండు వేలూ కట్టేస్తాను. నెలకు రెండు వేల ఐదు వందలు వడ్డీ తగ్గుతుంది. అమ్మాయి ఫీజు నెలకు పదిహేను వందలు పడుతుంది. ఇంకా వెయ్యి మిగుల్తుంది. ఇప్పుడు కట్టాల్సిన తొమ్మిది వేలు నా ఈ నెల జీతంలోంచి కడతాను."

ఆయన కట్టలు ఒక్కొక్కటే తీసి బయట పెట్టాడు. ఎనిమిదోది పెట్టాక, ఇరవై రెండేళ్ళ అలవాటు చొప్పున నోటుపుస్తకం ఆమె వైపు జరిపి, సంతకం పెట్టే చోటు వేలితో చూపించాడు.

"అప్పు నా పేరు మీదుందన్నారుగా," అంది ఆమె. "నా అప్పుకి నా డబ్బు కట్టుకుంటున్నాను. సంతకం ఎవరికి పెట్టాలి?"

వేలు కాసేపు అక్కడే ఉండి, వెనక్కి పోయింది. ఆమె కట్టలు పాత దిండు గలీబులో వేసి ముడివేసింది. రాబోయే నెల నుంచి ఆయన జీతం కూడా ఈ గదిలో, అందరి ముందు, నలుగురూ కూర్చుని పంచాలని చెప్పింది. వద్దనే ధైర్యం ఆయనకు లేదు, సరేననే మనసూ లేదు. కత్తెర తీసి గోడ మేకుకు తగిలించి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"సూపర్‌వైజరుకి మాటిచ్చాను," అన్నాడు. "ఒకటో తారీఖుకి పంపిస్తానని. రిజిస్టర్లో పేరు కూడా ఎక్కించాడు."

"వెళ్ళి తీయించండి."

"రేపు చెప్తాలే."

"ఇప్పుడే వెళ్ళండి. వాళ్ళిల్లు రెండు వీధులవతలే."

ఆయన అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి చూపు తిప్పుకోలేదు. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. పై బొత్తాం దగ్గర ఆగి, ఆ ఇంట్లో పెళ్ళయ్యాక మొదటిసారి, ఏం చెయ్యాలో భార్యను అడిగాడు.

"ఏమని చెప్పను?"

"లెక్క తప్పానని చెప్పండి," అంది ఆమె.

ఆయన కాసేపు నిలబడ్డాడు, ఇంకో మాటేదైనా దొరుకుతుందేమోనని. ఆమె ఇంకేమీ ఇవ్వలేదు. చెప్పులేసుకుని వెళ్తుంటే అమ్మాయి గుమ్మంలోంచి పక్కకు జరిగి దారిచ్చింది.